గొంతులో ఆగుతున్న ముద్ద సంగతి ముందు చూడండి

టెక్సాస్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆయనకు 38 ఏళ్ళు. పుట్టింది పశ్చిమ గోదావరి జిల్లాలో. ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్ళి, 2013లో మావ్నీ పథకం కింద అక్కడి ఆర్మీలో చేరారు. గ్రీన్‌కార్డు లేకపోయినా, సైన్యానికి పనికొచ్చే భాషో వైద్యమో తెలిసినవాళ్ళని తీసుకున్న పథకం అది. 2016 తర్వాత కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారు. 2015లో బరువు వీపున వేసుకుని నడిచే రక్ మార్చ్‌లో ఆయన కుడి మోకాలు దెబ్బతింది. అప్పటి నుంచి 800 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ ఆయనకు రోజువారీ తిండిలో భాగమైపోయింది. సైనికులు దాన్ని వేళాకోళంగా ‘రేంజర్ క్యాండీ’ అంటారు. ఏ నొప్పికైనా ముందు చేతిలో పెట్టేది అదే. 2016లో కొన్నాళ్ళు కువైట్‌లో ఉన్నారు. 2017లో ఒకసారి ఛాతీలో మంట అని సిక్ కాల్‌కి, అంటే సైనికులు జబ్బు చేస్తే చూపించుకునే చోటికి, వెళ్తే యాంటాసిడ్ ఇచ్చి పంపారు. 2019లో ఆనరబుల్ డిశ్చార్జితో బయటికి వచ్చి ఐటీ ఉద్యోగంలో స్థిరపడ్డారు. మోకాలికి 10 శాతం, చెవిలో మోతకి 10 శాతం, రెండూ కలిపి 20 శాతం డిజబిలిటీ కింద మాజీ సైనికుల సంగతి చూసే వెటరన్స్ శాఖ నుంచి, అంటే వి.ఏ. నుంచి, నెలనెలా డబ్బు వస్తోంది.

2022లో సెలవుకి హైదరాబాద్ వచ్చినప్పుడు మంట ఎక్కువై ఎండోస్కోపీ చేయించుకుంటే, యాసిడ్ పైకి తన్ని అన్నవాహిక ఒరుసుకుపోయిందని, ‘గ్రేడ్ బి’ అని రాసిచ్చారు. అప్పటి నుంచి రోజూ పరగడుపున పాంటాప్రజోల్ 40 వేసుకుంటున్నారు. ఈ జబ్బునీ సర్వీసు ఖాతాలో వేయాలని 2024 మార్చిలో సొంతంగా ఆన్‌లైన్‌లో వి.ఏ.కి క్లెయిమ్ పెట్టారు. నవంబరులో తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చింది. ‘సర్వీసులో ఒక్కసారే కనిపించింది, అప్పటికప్పుడు తగ్గిపోయింది, ఇప్పటి జబ్బుకి దానితో సంబంధం ఉన్నట్టు లేదు’ అని అందులో ఉంది.

ఇక ఇంటి సంగతి. నాన్నగారు మన ఆర్మీలో సుబేదారుగా రిటైరయ్యారు. ఫోన్లో విషయం విని, “కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళకి ఇచ్చే డబ్బురా అది. గ్యాస్ ట్రబుల్‌కి చెయ్యి చాపుతావా?” అన్నారట. భార్య మాత్రం, “రాత్రిళ్ళు రిక్లైనర్లో కూర్చుని నిద్రపోయే మనిషిని నేను చూస్తున్నాను, మామయ్యగారు చూడట్లేదు” అంటోంది. బావమరిది ఒక కన్సల్టెంట్‌ని పట్టుకొచ్చాడు. పెరిగే నెలసరి మొత్తానికి ఆరింతలు ఫీజు, వి.ఏ. అకౌంట్ పాస్‌వర్డ్ ఇవ్వాలి, డాక్టరు దగ్గర ‘వారానికి మూడు సార్లు వాంతులు’ అని చెప్పాలి: ఇవీ షరతులు. “నాకు వాంతులు లేవు. మంట ఉంది, నోట్లోకి పుల్లటి నీళ్ళు వస్తాయి, ఈ మధ్య చపాతీ ముక్క ఛాతీ దగ్గర ఆగిపోయి నీళ్ళు తాగితే గానీ దిగడం లేదు. నాలుగు కిలోలు తగ్గాను, అది మంచికే అనుకోండి. ఇప్పుడు నేను మళ్ళీ అడగాలా, కన్సల్టెంట్‌కి అప్పజెప్పాలా, వదిలేయాలా?” అని అడిగారు. కొన్నేళ్ళకి హైదరాబాద్ వచ్చేసే ఆలోచన ఉందని చివర్లో ఒక ముక్క కలిపారు.

సమాధానం

మీరు అంత వివరంగా రాసిన ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని మధ్యలో ఎక్కడో ఒక వాక్యంలో దాటేశారు. చపాతీ ముక్క ఆగిపోతోందన్నారు, బరువు తగ్గానన్నారు. క్లెయిమ్ సంగతి తర్వాత. ముందు ఈ వారంలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకోండి. నేను డాక్టర్ని కాను. కానీ ఏళ్ళ తరబడి యాసిడ్ పైకి తన్నుతుంటే అన్నవాహికలో పుండ్లు పడి, మానినచోట మచ్చ కట్టి, దారి ఇరుకు కావచ్చని డాక్టర్లందరూ చెప్తారు. దీన్నే స్ట్రిక్చర్ అంటారు. ముద్ద ఆగడానికి వేరే కారణాలూ ఉంటాయి, కొన్ని మామూలువి, కొన్ని కావు. ప్రయత్నం చెయ్యకుండా బరువు తగ్గడం, మింగడం కష్టం కావడం, ఈ రెండూ కలిసి వస్తే ఏ డాక్టరూ మాత్ర మార్చి ఊరుకోడు, మళ్ళీ ఎండోస్కోపీ చేస్తాడు. మీ హైదరాబాద్ రిపోర్టు 2022ది, ముద్ద ఆగడం మొదలైంది ఈ మధ్య. అంటే ఈ కొత్త లక్షణం వచ్చాక ఇంతవరకూ ఎవరూ లోపలికి తొంగి చూడలేదు. మలం నల్లగా రావడం, వాంతిలో రక్తం లాంటివి కనిపిస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఎమర్జెన్సీకి వెళ్ళండి.

మరో మాట కూడా అడగాలి మిమ్మల్ని. మోకాలికి ఇప్పటికీ ఐబుప్రోఫెన్ వాడుతున్నారా? ఉత్తరంలో రాయలేదు. ఆ జాతి నొప్పి మాత్రలు కడుపు పొరనీ అన్నవాహిక పొరనీ దెబ్బతీయగలవు. ఒక పక్క పాంటాప్రజోల్‌తో ఆర్పుతూ ఇంకో పక్క దానితో మంట పెట్టుకుంటూ ఉండి ఉండవచ్చు. మోకాలికి వేరే దారి ఏముందో డాక్టర్ని అడగండి.

ఇక క్లెయిమ్. మీకు ఎవరూ చెప్పినట్టు లేని ఒక తేదీ ఉంది, 2024 మే 19. అంతకుముందు, ఏ జబ్బుకి ఎంత శాతమో చెప్పే వి.ఏ. రేటింగ్ పుస్తకంలో యాసిడ్ రిఫ్లక్స్‌కి, అంటే యాసిడ్ పైకి తన్నే మీ జబ్బుకి, సొంత కోడ్ లేదు. హయాటల్ హెర్నియా అనే వేరే జబ్బు కింద, 7346 కోడ్ పెట్టి, పోలిక మీద శాతాలు ఇచ్చేవారు. అందులో మంట, పుల్లటి నీళ్ళు పైకి రావడం, మింగడం కష్టం కావడం లాంటి లక్షణాల్లో రెండు ఓ మోస్తరుగా ఉంటే 10 శాతం. అవి పదేపదే వస్తూ, ఛాతీ ఎముక వెనకో చేతికో భుజానికో నొప్పి పాకుతూ, ఆరోగ్యం బాగా దెబ్బతింటే 30. ఆ మే 19 నుంచి రిఫ్లక్స్‌కి 7206 అనే సొంత కోడ్ వచ్చింది. పేరు వచ్చింది గానీ కొలత కఠినమైపోయింది. ఇప్పుడు చూసేదంతా స్ట్రిక్చర్‌నే. ఇరుకు ఉన్నట్టు నమోదై, మింగడానికి రోజూ మందు వాడాల్సి వస్తుంటే 10 శాతం. ఇరుకు మళ్ళీ మళ్ళీ వస్తూ, ఏడాదికి రెండు సార్లకి మించకుండా లోపల సాగదీయాల్సి వస్తే 30. మూడు సార్లో అంతకన్నా ఎక్కువో అయినా, స్టెంట్ వేసినా 50. పైన ఇంకో 80 ఉంది, అది ఆపరేషనో ట్యూబు ద్వారా తిండో అవసరమయ్యేవాళ్ళకి. అదీ ఎండోస్కోపీ, బేరియం పరీక్ష, సీటీ స్కాన్, వీటిలో ఏదో ఒక దాంట్లో కనిపించి తీరాలి. రాత్రంతా మంటతో కూర్చుని తెల్లవార్చినా లోపల ఇరుకు లేకపోతే సున్నా శాతం వచ్చే అవకాశమే ఎక్కువ. ఇది న్యాయమా అంటే, నా మటుకు నాకు కాదనే అనిపిస్తుంది. మంటతో నిద్రపోలేని మనిషి కష్టాన్ని ఈ కొత్త కొలత దాదాపు పట్టించుకోదు.

మీరు క్లెయిమ్ పెట్టింది 2024 మార్చిలో. అంటే నిబంధన మారిన రోజున మీ క్లెయిమ్ వాళ్ళ బల్ల మీదే ఉంది. అలాంటి క్లెయిములకి పాత కొలత, కొత్త కొలత రెండూ పెట్టి చూసి, ఏది మీకు మేలైతే అది వేయాలి. తిరస్కరణ ఉత్తరం వచ్చిన తేదీ నుంచి ఏడాది లోపల మీరు తర్వాతి అడుగు వేస్తే ఆ మార్చి తేదీ మీది మీకే ఉంటుంది. ఏడాది దాటనిచ్చి కొత్తగా మొదలుపెడితే మార్చి తేదీ పోతుంది, దానితో పాటు పాత కొలత కూడా పోతుంది. నవంబరులోపు ఏదో ఒకటి చెయ్యాలని మీ భార్య తొందరపడుతోందని రాశారు. ఆవిడ తొందరకి ఇంత విలువ ఉందని ఆవిడకీ తెలిసి ఉండదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం, మొహమాటం ఎందుకు. శాతాలు కూడికలు కావు. వందలో మొదటి 10 పోతే మిగిలేది 90. అందులో పదో వంతు, అంటే 9, పోతే 81. అందుకే మీకు 10, 10 కలిపితే 19 వచ్చి, దాన్ని 20 చేశారు. ఇప్పుడు ఇంకో 10 వస్తే 27 అవుతుంది, అది 30కి సర్దుకుంటుంది. 2025 రేట్ల ప్రకారం 20 శాతానికి నెలకి 346.95 డాలర్లు, 30 శాతానికి ఒంటరి మనిషికి 537.42. పైగా భార్యాపిల్లల తాలూకు అదనం మొదలయ్యేది 30 దగ్గరే. 20 దగ్గర అది లేదు. ఈ డబ్బుకి పన్ను లేదు. 2024 మార్చి తేదీ నిలబడితే పాత నెలల తేడా కూడా ఒకేసారి వస్తుంది. సున్నా శాతమే వస్తే నెలసరి మొత్తం ఒక్క డాలరు కూడా మారదు. కానీ జబ్బు సర్వీసుకి సంబంధించినదే అని రికార్డులో పడుతుంది, దానికి వి.ఏ.లో వైద్యం, మందులు ఉచితం. రేపు ఇరుకు మరీ ఎక్కువైతే మళ్ళీ సంబంధం నిరూపించుకునే పని లేకుండా, పెంచమని అడిగితే చాలు.

మరి ఎందుకు తిరస్కరించారు? మీ ఉత్తరంతో పాటు పంపిన కాగితం చదివాను. వాళ్ళు చూసింది ఒక్క ప్రశ్ననే: 2017లో సిక్ కాల్‌లో కనిపించిన మంట, ఇప్పటి జబ్బు ఒకటేనా? ఒకే ఒక్క నమోదు ఉంది కాబట్టి కాదన్నారు. ఆ ప్రశ్నకి ఆ జవాబు రావడంలో పెద్ద ఆశ్చర్యం లేదు. కానీ అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటి ఉంది. మీ మోకాలిని సర్వీసుకి సంబంధించినదని వి.ఏ. ఇదివరకే ఒప్పుకుంది. ఆ మోకాలి కోసం ఏళ్ళ తరబడి ఐబుప్రోఫెన్ వాడారు. ఆ ఐబుప్రోఫెన్ వల్ల రిఫ్లక్స్ వచ్చినా, అంతకుముందే ఉన్నది ముదిరినా, అది కూడా సర్వీసు ఖాతాలోకే వస్తుంది. దీన్ని సెకండరీ కనెక్షన్ అంటారు. మీ కేసుకి సరిపోయే దారి ఇదేనని నా అభిప్రాయం. మీ ఫారంలో ఎక్కడా ఐబుప్రోఫెన్ మాటే లేదు. మోకాలి ఫైల్లో ఉన్న ప్రిస్క్రిప్షన్లు, రిఫ్లక్స్ క్లెయిమ్ చూసినవాళ్ళ కంట పడలేదు, లేదా పడినా అడిగినవాళ్ళు లేక వదిలేశారు.

కువైట్ సంగతి కూడా అడిగారు. 2022లో వచ్చిన పాక్ట్ చట్టం వల్ల అక్కడ పనిచేసినవాళ్ళకి కొన్ని జబ్బులు సర్వీసు వల్లే వచ్చినట్టు లెక్క, రుజువు అక్కర్లేదు. జీర్ణాశయ మార్గంలో వచ్చే క్యాన్సర్లు ఆ జాబితాలో ఉన్నాయి. రిఫ్లక్స్ లేదు. గల్ఫ్‌లో చేసినవాళ్ళకి ఐ.బి.ఎస్. లాంటి, పరీక్షలో ఏమీ కనిపించని కడుపు జబ్బులకు ఇంకో వెసులుబాటు ఉంది. అందులోనూ రిఫ్లక్స్ రాదు. కాబట్టి కువైట్‌ని పట్టుకుని వేలాడకండి. కానీ ఫారంలో అక్కడ ఉన్నట్టు రాయండి, అది నిజం కాబట్టి.

ఇప్పుడు మీ ముందు ఉన్న దారులు. మొదటిది, సప్లిమెంటల్ క్లెయిమ్. 20-0995 నంబరు ఫారం. ఇందులో కొత్తది, కేసుకి సంబంధించినది అయిన ఆధారం ఒక్కటైనా పెట్టాలి. మీ దగ్గర అవి ఉన్నాయి, లేదా కొద్ది రోజుల్లో ఉంటాయి: సర్వీసు కాలంనాటి ఐబుప్రోఫెన్ ప్రిస్క్రిప్షన్ల వివరం, కొత్త ఎండోస్కోపీ రిపోర్టు, ఒక డాక్టరు అభిప్రాయం. మీరు ఫీజు కట్టాల్సిన పనే లేదు. నేనైతే దీనివైపే మొగ్గు చూపుతాను.

రెండోది హయ్యర్ లెవెల్ రివ్యూ. అనుభవం ఉన్న ఇంకో అధికారి అదే ఫైలు మళ్ళీ చూస్తాడు. కొత్త కాగితం ఒక్కటీ పెట్టనివ్వరు. ఉన్న ఫైలులోనే తప్పు ఉందని మీరు నమ్మితే ఇది పనికొస్తుంది. మీ కేసులో కావలసిందే కొత్త కాగితం. అందుకే ఇది వృథా అనను గానీ, తెలివైన మొదటి అడుగు కాదు. మూడోది బోర్డుకి అప్పీలు. జడ్జి చూస్తారు, కావాలంటే విచారణ ఉంటుంది, కానీ ఓపిక కావాలి, ఏళ్ళు పట్టవచ్చు. సప్లిమెంటల్‌లో కాదంటే అప్పుడు మళ్ళీ ఏడాది గడువు ఉంటుంది, బోర్డు అప్పుడూ అక్కడే ఉంటుంది.

నాలుగోది వదిలేయడం. దాన్నీ దారిగానే లెక్కపెడుతున్నాను, ఎందుకంటే కొందరికి ఈ కాగితాల టెన్షన్ నెలకి రెండు వందల డాలర్లకి తగదు, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. కానీ మీరు వదిలేస్తే దాని ఖరీదు ఏమిటో ఇప్పుడు తెలిసింది కాబట్టి తెలిసే వదిలేయండి. గడువు దగ్గరపడి ఎండోస్కోపీ తేదీ ఆలస్యమైతే మాత్రం, రిపోర్టు కోసం ఆగకుండా ప్రిస్క్రిప్షన్ వివరంతోనే సప్లిమెంటల్ పెట్టేసి, మిగతావి తర్వాత జతచేయవచ్చు.

డాక్టరు అభిప్రాయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, చాలామంది బోల్తాపడేది ఇక్కడే. వి.ఏ. వాళ్ళకి వందకి వంద శాతం ఖాయమని ఎవరూ చెప్పక్కర్లేదు. కాకపోవడానికి ఎంత అవకాశం ఉందో, కావడానికీ కనీసం అంత అవకాశం ఉందంటే చాలు, అనుమానం సమానంగా ఉంటే తీర్పు వెటరన్ వైపే. కానీ ఆ ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే దానికి విలువ లేదు. ఎన్నేళ్ళు, ఎంత మోతాదు, మంట ఎప్పుడు మొదలైంది, ఎండోస్కోపీలో ఏముంది, వేరే కారణాలు ఎందుకు కావనుకుంటున్నారు అని రాయాలి. మీకు వైద్యం చేసే గ్యాస్ట్రోఎంటరాలజిస్టు ఒక పేజీ రాసిస్తే, మిమ్మల్ని ఎప్పుడూ చూడకుండా డబ్బులు తీసుకుని ఆరు పేజీలు రాసిచ్చేవాళ్ళకన్నా అది బరువు తూగుతుంది. వేరే కారణాల దగ్గర ఆవకాయ ప్రస్తావన కూడా వస్తుంది, సిద్ధంగా ఉండండి. మీ బావమరిది అన్నట్టు కారం తినడం వల్లేనా అని డాక్టరు అడిగితే, తింటానో తిననో ఉన్నది చెప్పండి. కారం తిన్న రోజు మంట ఎక్కువ కావడం వేరు, అన్నవాహికలో పుండు పడటం వేరు. ఆ తేడా డాక్టరు రాయగలరు.

హైదరాబాద్ రిపోర్టు విదేశీ రిపోర్టని పక్కన పెట్టేస్తారేమో అని భయపడ్డారు. పెట్టరు. అది ఇంగ్లీషులోనే ఉంది, ఫొటోలతో సహా జతచేయండి. మీ భార్య చేత కూడా ఒక వాంగ్మూలం రాయించండి, దానికి 21-10210 ఫారం ఉంది. ఆవిడ జబ్బు పేరు చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి లేచి కూర్చోవడం, రిక్లైనర్లో పడుకోవడం ఏ సంవత్సరం మొదలైంది, పార్టీలో ఏం తినరు, మాత్ర మర్చిపోయిన రోజు ఏమవుతుంది, ఇలా కళ్ళతో చూసింది రాస్తే చాలు. ఇంట్లో మనిషి చూసిన దానికి వి.ఏ. విలువ ఇవ్వాలి.

2024లో క్లెయిమ్ కోసం పరీక్ష చేసిన డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే, “బాగానే ఉన్నాను, మేనేజ్ చేస్తున్నాను” అన్నానని రాశారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆసుపత్రి బెడ్ మీద పడుకుని కూడా చూడటానికి వచ్చినవాళ్ళతో బాగానే ఉందండీ అంటారు. మీకు అదే వచ్చింది, సైన్యం దాన్ని ఇంకా గట్టి చేసింది. కానీ ఆ పరీక్ష పావుగంటో ఇరవై నిమిషాలో, ఎదుటివాళ్ళు ఫారంలో గడులు నింపుకుంటూ ఉంటారు. మర్యాదకి అన్న మాట కూడా గడిలో పడుతుంది. మీరు పెద్దది చేసి చెప్పక్కర్లేదు, చిన్నదీ చెయ్యకండి. మాత్ర వేసుకున్నా వారంలో ఎన్ని రాత్రులు మంట వస్తుంది, చపాతీ ఎన్నిసార్లు ఆగింది, దిగడానికి ఏం చేశారు, దిండ్లు ఎన్ని వేస్తారు. అడక్కపోయినా మింగడం కష్టంగా ఉందని చెప్పండి. పోయినసారి చెప్పలేదు కదా.

అదే కారణం చేత కన్సల్టెంట్ చెప్పిన వాంతుల కథ వద్దు. మీకు లేని వాంతులు చెప్పి సంతకం పెడితే అది తప్పుడు వాంగ్మూలం. దొరికితే డబ్బు వెనక్కి కట్టించుకోవడంతో ఆగదు, కేసు కూడా అవుతుంది. పైగా అనవసరం: మీకు నిజంగా ఉన్న లక్షణమే, ముద్ద ఆగడమే, రెండు కొలతల్లోనూ ఆయన కల్పించిన దానికన్నా ఎక్కువ పనికొస్తుంది. ఆ మనిషి చట్టం తెలిసినవాడే అయితే ఇలాంటి ఫీజు అడగనే అడగడు. వి.ఏ. గుర్తింపు లేనివాళ్ళు క్లెయిమ్ తయారుచేసి డబ్బు తీసుకోవడానికి వీల్లేదు. గుర్తింపు ఉన్న లాయరో ఏజెంటో అయితే, మొదటి నిర్ణయం వచ్చిన తర్వాత మాత్రమే ఫీజు తీసుకోవచ్చు. వచ్చే బకాయిలో 20 శాతం దాకా సమంజసం అని లెక్క, మూడో వంతు దాటితే కాదని లెక్క. ఎవరికి గుర్తింపు ఉందో వి.ఏ. లీగల్ విభాగం వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడవచ్చు. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మీ బ్యాంకు ఖాతా నంబరు మార్చగలిగే తాళంచెవి అది.

డబ్బులు ఖర్చు పెట్టకుండా సాయం చేసేవాళ్ళు మీ రాష్ట్రంలోనే ఉన్నారు. టెక్సాస్ వెటరన్స్ కమిషన్ ఉంది, మీ కౌంటీలో వెటరన్స్ సర్వీస్ ఆఫీసరు ఉంటారు, డి.ఎ.వి., అమెరికన్ లీజియన్, వి.ఎఫ్.డబ్ల్యూ. లాంటి మాజీ సైనికుల సంఘాలు ఉన్నాయి. అందరూ ఒకేలా పనిచేయరు. ఒకరు మీ ఫైలు తెరవకుండానే ఫారం నింపబోతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. బావమరిదితో గొడవ పడక్కర్లేదు, డి.ఎ.వి.కి ఇచ్చేశానని చెప్పండి, మాట అక్కడితో ఆగుతుంది. ఆయన మంచికే చెప్పి ఉంటాడు.

మీ సిటిజన్‌షిప్‌కి దీనితో చిక్కు వస్తుందేమో అని ఒక మూల రాశారు. ఆరేళ్ళు చేసి ఆనరబుల్‌గా బయటికి వచ్చారు. నిజమైన క్లెయిమ్ పెట్టుకోవడానికి, దానికి సంబంధం లేదు. ఆఫీసువాళ్ళకి కూడా తెలియదు.

నాన్నగారి సంగతి. ఆయన మాట మీకు గుచ్చుకుంది, ఉత్తరంలో మూడు చోట్ల ఆ మాటకే తిరిగొచ్చారు. ఆయన్ని వాదనలో ఓడించాల్సిన అవసరం లేదు, కానీ ఆయనకి తెలిసిన సైన్యంలోనే ఈ సంగతి ఉందని గుర్తు చేయవచ్చు. మన ఆర్మీలోనూ డిజబిలిటీ పెన్షన్ ఉంది, అది యుద్ధంలో తగిలిన గాయాలకి మాత్రమే కాదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్లే అని అనుకోవాలి, కాదని నిరూపించాల్సింది ప్రభుత్వం. ఆ సిపాయికి వచ్చింది తూటా దెబ్బ కాదు, మూర్ఛ. అమెరికాలో కాళ్ళు పోయినవాళ్ళకి ఇచ్చే డబ్బులోంచి మీకు తీసివ్వరు. ఎవరి రేటింగ్ వాళ్ళదే, మీరు మానేస్తే ఇంకొకరికి ఒక డాలరు ఎక్కువ రాదు. ఇది చెప్పినా ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకుండానే మీరు చెయ్యవచ్చు. ముద్ద ఆగే సంగతి, బరువు తగ్గిన సంగతి మాత్రం ఆయనకి చెప్పండి. గ్యాస్ ట్రబుల్ అని విన్నారు కాబట్టే అలా అన్నారేమో.

ఇక హైదరాబాద్ వచ్చేయడం. కాంపెన్సేషన్ డబ్బు ఏ దేశంలో ఉన్నా వస్తుంది. అమెరికా బయట వి.ఏ. ఆసుపత్రులు లేని చోట, ఫారిన్ మెడికల్ ప్రోగ్రామ్ అనేది ఉంది. సర్వీసుకి సంబంధించినవని ఒప్పుకున్న జబ్బులకి మాత్రం అక్కడ చేయించుకున్న వైద్యం ఖర్చు ఇస్తారు. శాతం సున్నా అయినా ఫరవాలేదు. అంటే రిఫ్లక్స్ మీ రికార్డులో ఎక్కితే, రేపు హైదరాబాద్‌లో చేయించుకునే ఎండోస్కోపీ బిల్లు మీరు వాళ్ళకి పంపుకోవచ్చు, ఎక్కకపోతే మీ జేబులోంచే. ముందుగా పేరు నమోదు చేయించుకోవడం మంచిది, బిల్లులతో పాటు డాక్టరు రాసిన వివరం కూడా ఉండాలి. బయల్దేరే ముందే ఆ ఫారం పని చూసుకోండి.